మలేషియా, చాలా ఏళ్ళ వాడకం తర్వాత: చలికాలం లేదు సరే, ఎండాకాలం కూడా లేదండీ

మంచు దేశాల్లో విసిగిపోయి ఏదైనా వేడి దేశానికి మారిపోదాం అనుకునే మనవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు, వారానికొకరైనా మలేషియా ఎలా ఉంటుంది అని మెసేజ్ పెడుతున్నారు. అందుకే ఒకేసారి రాసేస్తున్నా. వీసా ఏది, రెంట్ ఎంత, ఇంటర్నేషనల్ స్కూల్ ఫీజులు ఎంత, హైదరాబాద్‌కి ఫ్లైట్ నాలుగు గంటలు, తమిళం కాస్త వస్తే సగం పనులు జరిగిపోతాయి, ఇవన్నీ వంద వీడియోల్లో చెప్పారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది వాతావరణం గురించే. మేం వచ్చిందే దానికోసం, నాకు ఒళ్ళు మండేదీ దాని మీదే.

ముందు మేం అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉండేవాళ్ళం. 2019 జనవరి చివర్లో పోలార్ వర్టెక్స్ వచ్చినప్పుడు మైనస్ 33 సెల్సియస్ దాకా పడిపోయింది, స్కూళ్ళు మూసేశారు, పోస్టు పంచడం కూడా ఆపేశారు. మా అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు, మోకాళ్ళు పట్టేసి బాత్రూమ్‌కి వెళ్ళడానికే గోడ పట్టుకుని నడిచేవారు. "ఫ్రిజ్‌లో కాపురం పెట్టార్రా మీరు" అని రోజుకోసారి అనేవారు. అదే ఏడు మావారి కంపెనీలో కౌలాలంపూర్‌కి ఖాళీ పడితే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం, జీతం తగ్గినా సరే అనుకున్నాం. జనాలు ఇలా మారడానికి పైకి వంద కారణాలు చెప్తారు, ఖర్చు తక్కువ, ఇండియాకి దగ్గర, పనిమనిషి దొరుకుతుంది, ఆసుపత్రులు బాగుంటాయి అని. కానీ నాకు తెలిసిన వాళ్ళలో సగం మందికి పైగా అసలు కారణం మంచు తవ్వలేకపోవడమే.

వచ్చిన కొత్తలో స్వర్గమే, అది కాదనను. ఏడాది పొడుగునా పగలు 32, 33, రాత్రి 24, జాకెట్ అన్న మాటే లేదు. డిసెంబర్లో మా వాడు స్విమ్మింగ్ పూల్‌లో ఉంటే వీడియో తీసి మినియాపొలిస్ గ్రూపులో పెట్టి అందరి ఉసురూ పోసుకున్నా. అత్తగారి మోకాళ్ళు నెలలోపే దారిలో పడ్డాయి, సాయంత్రం కింద పార్కులో ఆవిడే మమ్మల్ని దాటేసి నడిచేవారు. వాతావరణానికి పదికి పది అని ఎవరు అడిగినా చెప్పేదాన్ని. వచ్చిన ఏడు సెప్టెంబర్లోనే హేజ్ వచ్చింది. ఇండోనేషియాలో సుమత్రా, కాలిమంతాన్ వైపు పీట్ నేలలు (కుళ్ళిన ఆకూ అలమూ పేరుకున్న చిత్తడి నేలలు) తగలబడితే ఆ పొగ గాలివాటున ఇటు వస్తుంది, ఎదురు బిల్డింగ్ కనపడలేదు, స్కూళ్ళకి సెలవులిచ్చారు. సరే, అది ప్రతి ఏడూ అంత ఘోరంగా రాదులే అని మార్కులు తియ్యలేదు.

2020 మార్చి 18 నుంచి లాక్‌డౌన్. అందరం ఇంట్లోనే, మావారి ఆఫీసు ఒక గదిలో, మావాడి క్లాసులు ఇంకో గదిలో, పొద్దుట్నుంచి రాత్రిదాకా రెండు ఏసీలూ తిరుగుతూ గాల్లో చెమ్మ లాగేస్తూనే ఉండేవి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఊరి అసలు రంగు మాకు అంతకాలం కనపడకపోవడానికి కారణం అదే.

2022 ఏప్రిల్ 1న బోర్డర్లు పూర్తిగా తెరిచారు. మా తమ్ముడి పెళ్ళి ఉంది, ఎన్నాళ్ళ తర్వాతో బందరు వెళ్ళడం, ఆ ఎండాకాలమంతా అక్కడే గడిపాం. బయల్దేరే ముందు మనూళ్ళో ఎవరైనా ఏం చేస్తారో అదే చేశా, ఫ్రిజ్ ఖాళీ చేసి, కిటికీలన్నీ బిగించి, కర్టెన్లు దించి, బీరువాలకి తాళాలేసి, మెయిన్ ఆపేసి వెళ్ళాం.

తిరిగొచ్చి తలుపు తీయగానే ముక్కిపోయిన బియ్యం బస్తా తెరిచినట్టు గుప్పుమంది. లైటు వేస్తే సోఫా రంగు మారిపోయి ఉంది. నల్ల లెదర్ సోఫా కాస్తా బూడిద రంగులో ఉంది, ముందు దుమ్మనుకున్నా, వేలితో రాస్తే మెత్తగా పొడిలా వచ్చింది, బూజు. మావారి బెల్టులు, షూస్ ఆకుపచ్చ తిరిగిపోయాయి. పూజ గదిలో చెక్క పీట అడుగున తెల్లటి పొర. మావాడి పుస్తకాలు అట్టలు వంకర తిరిగిపోయాయి. బెడ్‌రూమ్‌లో గోడకి బిగించిన వార్డ్‌రోబ్ తెరవాలంటే నాకు చేతులు రాలేదు, మావారే తెరిచారు. ధర్మవరం పెళ్ళి పట్టుచీర, అమ్మ ఇచ్చిన ఉప్పాడ, రెండు వెంకటగిరులు, దాదాపు అన్నీ కవర్లలో పెట్టి కలరా ఉండలు వేసి మరీ దాచినవి. కలరా ఉండలు పురుగు రాకుండా చూస్తాయి, బూజుకి వాటితో సంబంధం లేదు. ధర్మవరం చీర మడతల పొడుగునా తెల్ల చుక్కలు, విప్పితే లోపల పసుపు మచ్చలు, జరీ నల్లబడింది. కవర్లో పెట్టడమే ఇంకా చెడ్డదైంది, లోపలి చెమ్మ లోపలే ఉండిపోయింది. ఉప్పాడ బతికింది, ఎందుకంటే అది పై అరలో కవర్ లేకుండా పెట్టా, మర్చిపోయి.

ఇందులో నాకు ఇంకా మండే విషయం ఒకటుంది. మావారి కెమెరాలకి, లెన్సులకి ఒక డ్రై క్యాబినెట్ ఉంది, లోపల తేమ 45 శాతం దాటకుండా చూసే కరెంటు బీరువా, ఇక్కడ ఫోటోలు తీసేవాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఉంటుంది. దానికి బ్యాటరీ బ్యాకప్ లేకపోయినా రబ్బరు సీల్ గట్టిది కాబట్టి కెమెరాలు నిక్షేపంగా ఉన్నాయి. లెన్సుకి ఫంగస్ వస్తుందని తెలిసిన మనిషికి పట్టుకి వస్తుందని తట్టలేదు పాపం.

మాది బందరు అండీ, ఉక్కపోత మాకు కొత్త కాదు, అందుకే ధీమా. కానీ మన దగ్గర ఉక్కపోతకి ఒక విడుపు ఉంది. సంక్రాంతి దాటిందంటే వాన మాటే ఉండదు, శివరాత్రికి ఎండ ముదురుతుంది, రోహిణి కార్తెలో పడమటి గాలి కొట్టిందంటే తడిగుడ్డ పావుగంటలో గలగలలాడుతుంది. ఆ రెండు మూడు నెలల్లోనే పరుపులు ఎండలో వేస్తాం, చీరలు ఆరేస్తాం, వడియాలు, ఊరగాయలు, చల్ల మిరపకాయలు, ఏడాదికి సరిపడా పొడితనం ఇంట్లోకి అప్పుడే వస్తుంది. కౌలాలంపూర్ భూమధ్యరేఖకి మూడు డిగ్రీల దూరంలో ఉంది, ఇక్కడ ఏ నెల చూసినా వంద మిల్లీమీటర్లకి తక్కువ వాన పడదు, గాల్లో తేమ సగటున 80 శాతం దగ్గరుంటుంది, తెల్లవారుజామున 90 దాటుతుంది. పొద్దున ఎండ చురుక్కుమంటుంది, ఇంకేం అని బట్టలు ఆరేస్తామా, రెండు దాటాక మబ్బు కమ్మి మూడింటికల్లా ఉరుములు. చలికాలం వద్దని వచ్చినవాళ్ళం, ఎండాకాలం కూడా పోతుందని ఎవరూ చెప్పలేదు. మినియాపొలిస్‌లో చలికాలం ఇంట్లో గాలి మరీ పొడిగా ఉంటే ముక్కులోంచి రక్తం వస్తోందని గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫయర్ కొన్నాం, దాన్ని గరాజ్ సేల్‌లో అమ్మేసి ఇక్కడికొచ్చి తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్ కొన్నాం, మా సంసారం అలా ఉంది.

మా ఫ్లోర్‌లోనే ఒక ఆంటీ ఉంటారు, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ, వాళ్ళ తాతగారు బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పనికి వచ్చారట. ఆవిడ వచ్చి వార్డ్‌రోబ్ చూసి తల కొట్టుకున్నారు. "గోడకి ఆనించి బీరువా పెడతారా అమ్మాయ్, వెనకాల చెయ్యి పట్టేంత సందు ఉండాలి, తలుపు మూసి తాళమేసి ఊరికి పోతే హబీస్ లా, అంతా పోయినట్టే" అన్నారు. వాళ్ళింట్లో చీరల బీరువా గోడకి జానెడు దూరంగా ఉంటుంది, లోపల చిన్న బల్బు ఎప్పుడూ వెలుగుతుంది, ఆ వెచ్చదనానికి చెమ్మ చేరదు. ఆవిడ చెప్పాకే గమనించా, ఇక్కడి పాత మలయ్ ఇళ్ళు చెక్క స్తంభాల మీద నేలకి ఎత్తుగా కడతారు, కింద నుంచి గాలి, గోడ పైన చెక్కిన నగిషీలోంచి గాలి, కిటికీలకి రెక్కల పలకలు, ఇల్లంతా గాలి ఆడుతూనే ఉంటుంది. మా కాండో (అపార్ట్‌మెంట్) మాత్రం అద్దాలు బిగించిన కాంక్రీటు డబ్బా, ఏసీ వేస్తేనే బతికే ఇల్లు. పైగా మా వార్డ్‌రోబ్ గోడకి అవతల పక్క ఫ్లాట్ వాళ్ళ బెడ్‌రూమ్, రాత్రంతా వాళ్ళ ఏసీ. రిపేరుకొచ్చినతను ఆ గోడ మీద నా చెయ్యి పెట్టించాడు, చల్లగా తగిలింది. చల్లటి గోడకి తడి గాలి తగిలితే నీరు పడుతుంది, మేం లేనన్నాళ్ళూ అక్కడ జరిగింది అదే. మనం కూడా రాత్రి ఏసీ 18లో పెట్టుకుని పడుకుని పొద్దున్నే "గాలి రానీ" అని కిటికీలు బార్లా తీస్తే ఇదే జరుగుతుంది, ముందు ఏసీ ఆపి ఫ్యాన్ వేసి గది కాస్త వేడెక్కాక తీయండి.

ఇంటి ఓనర్ సంగతి ఇంకో కథ. వార్డ్‌రోబ్ పార్టికల్ బోర్డుది, అడుగు ఉబ్బి ఊడిపోయింది. గాలి ఆడకుండా మూసేసి వెళ్ళారు కాబట్టి తప్పు మీదే అని డిపాజిట్‌లోంచి పట్టుకుంటానన్నాడు. ఇక్కడ రెండు నెలల డిపాజిట్, పైన కరెంటు నీళ్ళకి అర నెల ముందే కట్టించుకుంటారు కదా, వాళ్ళ చేతిలో మన జుట్టు. అగ్రిమెంట్‌లో బూజు గురించి ఒక్క ముక్క లేదు. నెలల తరబడి మెసేజ్‌లు నడిచాక సగం సగం అన్నాడు, ఒప్పుకున్నాం.

ఇక మంచి మాట. డీహ్యుమిడిఫయర్ కొన్నాం, రోజుకి 12 లీటర్లు లాగేది, కంప్రెసర్ ఉన్నది. చిన్న చిన్నవి చవగ్గా దొరుకుతాయి, టిఫిన్ డబ్బా అంత ఉంటాయి, కంప్రెసర్ ఉండదు, వాటితో ఒక గది కాదు కదా ఒక అర కూడా ఆరదు. సూపర్‌మార్కెట్లో దొరికే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బీరువా అరల్లోకి పర్లేదు, నీళ్ళు నిండగానే మార్చాలి, ఒలికితే బట్ట మీద మచ్చే. మొదటి రాత్రి తలుపు మూసి మెషీన్ వేస్తే తెల్లారేసరికి ట్యాంకు నిండిపోయి ఆగిపోయి ఉంది, ఖాళీగా ఉన్న పడగ్గదిలో అన్ని నీళ్ళు ఎక్కడివో నాకు అర్థం కాలేదు. అప్పుడే వచ్చింది ఆలోచన. అంతకుముందు బాల్కనీలో సగ్గుబియ్యం వడియాలు పెడితే మూడింటి వానకి గంజి అయిపోయేవి, లోపల ఫ్యాన్ కింద పెడితే రెండోరోజుకి పులిసి గులాబీ రంగు తిరిగేవి. ఈసారి మంచం మీద ప్లాస్టిక్ షీట్ పరిచి వడియాలు పెట్టి, ఫ్యాన్ వేసి, మెషీన్ వేసి తలుపు మూసేశా. పొద్దున్నే చూస్తే అంచులు లేచి ఉన్నాయి, తిరగేసి ఇంకో పూట ఉంచితే గలగల. అత్తగారు ఫోన్లో చూసి "మంచం మీదా!" అన్నారు గానీ వేయించుకు తిన్నప్పుడు ఏమీ అనలేదు. చల్ల మిరపకాయలు మాత్రం అలా చెయ్యకండి, పరుపుకి పట్టిన ఘాటు ఎన్నాళ్ళకీ పోలేదు.

కరెంటు బిల్లు మాత్రం చూసుకోవాలి. అప్పటి టారిఫ్‌లో మొదటి 200 యూనిట్లకి ఒక్కో యూనిట్ 21.8 సెన్లు (రింగిట్‌కి వంద సెన్లు), 300 దాటాక ఒక్కసారిగా 51.6 సెన్లు, ఏసీలకి తోడు ఇది కూడా చేరితే పై స్లాబ్‌లో పడటం ఖాయం. ఈ మెషీన్ గదిని వెచ్చబెడుతుంది కూడా, కాబట్టి మనుషులు లేనప్పుడే వేయాలి. ఇప్పుడు ఊరికి వెళ్తే మెయిన్ ఆపం, మెషీన్‌కి పైపు తగిలించి బాత్రూమ్ తూములోకి వదిలి, 60 శాతానికి సెట్ చేసి, బీరువాల తలుపులన్నీ తీసిపెట్టి, ఆంటీకి ఒక తాళంచెవి ఇచ్చి వెళ్తున్నాం.

ఆ పదికి పది అన్నది ఇప్పుడైతే ఏడు అంటాను, కొన్ని రోజులు ఆరున్నర. చెమ్మ ఒక్కటే కాదు, అన్ని నెలలూ ఒకేలా ఉంటే కాలం కదిలినట్టు అనిపించదు. సూర్యుడు ఏడాదంతా ఇంచుమించు ఏడు, ఏడున్నర మధ్యే లేస్తాడు, సాయంత్రం ఆ వేళకే దిగుతాడు. ఉగాదికి వేపపువ్వు అమ్మ ఎండబెట్టి పంపినది, మామిడికాయ ఎప్పుడూ దొరికేదే, మొదటి మామిడికాయ అన్న సరదా పోయింది. మావారికి ఇదేం పట్టదు, ఆయన ఇప్పటికీ పదికి పదే.

అత్తగారిలా మోకాళ్ళు, కీళ్ళ బాధలు ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే నేనైతే ఇప్పటికీ రమ్మనే అంటా, ఆవిడ విషయంలో ఈ దేశం చేసిన మేలు ఏ చీరకీ సరిపోదు. తుమ్ములు, డస్ట్ ఎలర్జీ ఉన్న పిల్లలుంటే మాత్రం ముందు ఒక నెల ఉండి చూడండి, ఈ తేమలో డస్ట్ మైట్లు (దుమ్ములో ఉండే, కంటికి కనపడని పురుగులు) బాగా పెరుగుతాయి, మావాడికి మినియాపొలిస్‌లో లేని తుమ్ములు ఇక్కడ పట్టుకున్నాయి. రిటైరై వద్దామనుకునే వాళ్ళు, ఏడాదిలో సగం ఇండియాలో ఉంటారు కదా, ఇల్లు మూసి ఉంచే రోజులు ఎన్నో ముందే లెక్కేసుకోండి. మా అగ్రిమెంట్ వచ్చే ఆగస్టులో అయిపోతుంది, ఈసారి చూసేటప్పుడు వార్డ్‌రోబ్ లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూసి, పక్క ఫ్లాట్ బెడ్‌రూమ్ ఎటుందో అడిగి, బూజు ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయించుకున్నాకే సంతకం పెడతాం. ధర్మవరం చీర ఇంకా డ్రై క్లీనర్ దగ్గరే ఉంది, మచ్చలు సగం పోయాయంటున్నాడు, పట్టుచీరలు మిగతావన్నీ బందరులో అమ్మ బీరువాలో పెట్టేశా.