బెజవాడ నుంచి హంసలదీవికి, మొక్కు లేకుండా

తోట్లవల్లూరులో టీకొట్టు ఆయన గ్లాసు చేతికిచ్చి, నన్ను కిందా మీదా చూసి, "బస్సు తప్పిపోయిందాండీ?" అన్నాడు. బెజవాడ నుంచి నడిచి వస్తున్నానని, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా వెళతానని చెప్పాను. కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైనా మాట పట్టింపా?" అని అడిగాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి సంచి తగిలించుకుని కరకట్ట మీద ఒంటరిగా నడుస్తుంటే మన వాళ్లకు రెండే కారణాలు తోస్తాయి: మొక్కు, లేదా అలక. నాకు రెండూ లేవు. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పైగా పనిచేశాను. ప్రకాశం బ్యారేజీ నుంచి ఇన్ని క్యూసెక్కులు దిగువకు వదిలామని రిజిస్టరులో రాసిన చేయి ఇది. ఆ దిగువ ఎలా ఉంటుందో కాలితో తొక్కి చూడలేదు. అందుకని మాఘ పౌర్ణమికి పది రోజుల ముందు బయలుదేరాను. కాస్త అటూ ఇటూగా వంద కిలోమీటర్లు, ఐదు రోజులు.

మొదటి రోజు గురించి మంచి మాట చెప్పలేను. 1855 నాటి పాత ఆనకట్టకు 1952లో గండి పడ్డాక, 1957లో పూర్తయిన బ్యారేజీ ఇది. దాని మీద సూర్యోదయం చూసి ఎంతో హుషారుగా మొదలుపెట్టాను. యనమలకుదురు కొండ మీది రామలింగేశ్వరుడికి కింద నుంచే దండం పెట్టుకునే సరికి ఆ హుషారంతా ఇసుక లారీల దుమ్ములో కలిసిపోయింది. హారన్ మోగినప్పుడల్లా కట్ట వాలులోకి దిగడం, మళ్లీ ఎక్కడం. నాలాంటి వాళ్లు ఎవరైనా వెళ్లదలిస్తే ఊరు దాటే వరకు బస్సెక్కండి, నామోషీ ఏమీ లేదు.

ఇక బూట్లు. నడక కోసమని మా అమ్మాయి నాలుగు వేలు పెట్టి కొనిచ్చింది. సాయంత్రానికి రెండు మడమల మీదా రేగుపండంత బొబ్బలు లేచాయి. పిన్నీసును అగ్గిపుల్ల మంట మీద కాల్చి గుచ్చుకుని, గుడ్డ కట్టుకుని, మర్నాటి నుంచి హవాయి చెప్పులతో నడిచాను. ఆ బూట్లను అవనిగడ్డ చేరాక ఆర్టీసీ కార్గోలో ఇంటికి పంపించేశాను. ఈ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చుల్లో అంత సుఖమిచ్చింది మరొకటి లేదు.

రెండో రోజు నుంచి దారి దారిలా ఉంది. ఒక పక్క లంకల్లో అరటి, పసుపు, కంద. ఇంకో పక్క వరి కోసేసిన మాగాణుల్లో మినుము. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి పదింటికి ఆగిపోవడం, మళ్లీ నాలుగు తర్వాత నడవడం. ఫిబ్రవరి ఎండ మెత్తగా కనిపిస్తుంది గానీ నమ్మకూడదు.

ఆ రాత్రి శ్రీకాకుళంలో ఆగాను. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం. రాయలవారికి కలలో కనబడి ఆముక్తమాల్యద రాయమన్న ఆంధ్ర మహావిష్ణువు ఈ ఊళ్లోనే ఉన్నాడు. అంతటి దేవుడి గుడిలో ఆ సాయంత్రం నాతో కలిపి నలుగురం. లాడ్జి సంగతి అడిగితే ఒక రైతు తన వసారాలో నులక మంచం వాల్చాడు. కారణం అడగలేదు. పచ్చి పులుసు, వేడన్నం. దుప్పటికి పసుపు కొమ్ముల వాసన. డబ్బు ఇవ్వబోతే ఆయన మొహం చిన్నబోయింది, ఇవ్వజూపినందుకు నేను సిగ్గుపడ్డాను.

దీనికి సరిగ్గా ఎదురు అనుభవం ఆ తర్వాతి మజిలీలో ఒక ప్రైవేటు లాడ్జిలో. ఆధార్ కార్డు చూపించాను, డబ్బు ముందే పెట్టాను. "ఒంటరి వాళ్లకు గది ఇవ్వమండీ" అన్నాడు కౌంటరులో కుర్రాడు. ఈ వయసులో తోడును ఎక్కడి నుంచి తెమ్మంటావు బాబూ అన్నాను. అతని భయం నాకు తెలుసు. గదిలో ఎవరైనా ప్రాణం తీసుకుంటే పోలీసులకు జవాబు చెప్పవలసింది వాడే. చివరికి మా అమ్మాయి ఫోనులో మాట్లాడి, మా నాన్న మంచివాడేనని పూచీ పడితే తాళం చేతికి వచ్చింది. ఎనిమిది వందలకు కుళాయి సన్నగా కారింది, దోమలు మాత్రం ధారాళం.

అప్పుడు నాకు కోపం వచ్చి బుద్ధి మారింది. మోపిదేవిలో గది అడుగుతూ, ఎవరూ అడగకముందే "మొక్కండీ" అన్నాను. అంతే! ఆ మాటకు తెరుచుకోని తలుపు లేదు. గది దొరికింది, సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనానికి వరుసలో ముందుకు పంపారు, ఒకావిడ నా కాళ్లు చూసి కొబ్బరి నూనె తెచ్చిచ్చింది. పుట్టలో వెలిసిన స్వామి ఎదుట అబద్ధంతో నిలబడ్డాను. పాదాలకు నూనె మాత్రం హాయిగా ఉంది.

పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీద అరగంట కూర్చున్నాను. కింద నది పాయ, పైన దివిసీమ పొలాలకు నీళ్లు తీసుకెళ్లే కాలువ. గుడి చూసినట్టు చూశాను. పక్కనే ఫోటోలు దిగుతున్న పిల్లలకు దాని పనితనం వివరించబోతే పాపం మర్యాదగా తలలూపి వెళ్లిపోయారు.

కోడూరు దాటాక మాటల్లో కాలం లెక్క మారిపోతుంది. మజ్జిగ ఇచ్చిన ముసలమ్మను వయసెంతమ్మా అని అడిగితే, "ఉప్పెననాటికి నాకు పెళ్లై రెండేళ్లు" అంది. 1977 నవంబరు 19, సముద్రం దివిసీమను ముంచెత్తిన రోజు. ఏ ఉప్పెన అని ఇక్కడ ఎవరూ అడగరు. అత్తగారి గురించి ఒక మాట మొదలుపెట్టి, మధ్యలోనే ఆపి, ఇంకో గ్లాసు పోసింది. ఆవిడ కూడా నన్ను కారణం అడగలేదు.

హంసలదీవిలో మాఘ పౌర్ణమికైతే జనం ఇసుక రాలనంత ఉంటారట, నేను వెళ్లిన రోజు గుడి నిశ్శబ్దం. భోజనం వెంట తెచ్చుకోవాలి, లేదంటే కోడూరులోనే తినేసి రావాలి. వేణుగోపాల స్వామి అర్చకులు గోత్రం అడిగి, నా చెప్పులు, కాళ్లు చూసి, "మొక్కు ఏమిటండీ?" అన్నారు. మోపిదేవిలో గడగడా వచ్చిన మాట ఇక్కడ రాలేదు. "నీళ్లు చూద్దామని వచ్చానండీ" అన్నాను.

"ఈ రోజుల్లో నది ఎక్కడిది? పోటు వేళైంది, అది చూసి వెళ్లండి" అన్నారాయన.

నిజమే. బ్యారేజీ గేట్లు మూసి ఉన్న ఈ రోజుల్లో రిజిస్టరులో దిగువకు వదిలిన నీటి గడిలో మేము సున్నా రాసేవాళ్లం. సంగమం దగ్గర చెప్పులు విడిచి తడి ఇసుకలో ఒక పుల్ల గుచ్చి, పిన్నీసుతో గీత గీసి కూర్చున్నాను. పావుగంటలో నీరు గీత దాటి రెండు వేళ్లు పైకి వచ్చింది. నోట్లో వేసుకుంటే కటిక ఉప్పు. అది మెల్లగా, బెజవాడ వైపే వెళుతోంది. కట్ట మీద ఆటో అబ్బాయి హారన్ కొడుతున్నాడు, ఆఖరి బస్సు అందాలంటే లేవాలి.