విలీనమా, రాయితీయా? సిరొంచ బస్సుకు ఏది మేలు?

మంథని నుంచి కాళేశ్వరం వచ్చే పల్లెవెలుగులో మా అమ్మ, పెద్దమ్మ ఒకే సీట్లో కూర్చున్నారు. పెద్దమ్మ అత్తగారిల్లు మహదేవపూర్. ఆమె ఆధార్ చూసి కండక్టర్ జీరో టికెట్ కొట్టాడు. అమ్మ కార్డు మరాఠీలో ఉంది, గోదావరి వంతెన అవతల మహారాష్ట్రలోని సిరొంచ చిరునామా. పూర్తి చార్జీ! "ఒక్క తల్లి పిల్లలమే గద బిడ్డా" అంది అమ్మ. "వంతెన దాటినంక మీకు సగం టికెటే గదమ్మా" అన్నాడతను.

అదీ నిజమే. మహారాష్ట్ర ఎర్రబస్సుల్లో ఆడవాళ్లకు సగం చార్జీ 2023 మార్చి 17న వచ్చింది. తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి అదే ఏడు డిసెంబరు 9న. జేబుకు ఉచితమే మేలు, అందులో వాదన లేదు. కానీ ఆడవాళ్లు కట్టని పైసలు రెండుచోట్లా సర్కారే బస్సులు నడిపే ఆర్టీసీ సంస్థకు కట్టాలి, అదీ కొట్టిన టికెట్ల లెక్కన. ఎనిమిది మందితో అహేరి వెళ్లే సాయంత్రం బస్సుకు దీంతో ఒరిగేదెంత?

అందుకే నేను జీతాల దగ్గర పోల్చి చూస్తాను. ఆంధ్ర 2019లో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి సుమారు 52 వేల మంది ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలో కలిపింది. సంస్థ మాత్రం అలాగే ఉంది. తెలంగాణ 2019లో 52 రోజుల సమ్మె చూసి, 2023 ఆగస్టులో 43,373 మందిని అలాగే కలిపేందుకు బిల్లు పాస్ చేసింది. అయినా విలీనం అమలు చేయండంటూ 2025లో యూనియన్లు సమ్మె నోటీసిచ్చాయి. మహారాష్ట్రలో 2021 దీపావళి ముందు విలీనం కోసం మొదలైన సమ్మె ఐదు నెలలు దాటింది. ముగ్గురు అధికారుల కమిటీ విలీనం కుదరదంది. చివరికి సిబ్బంది డ్యూటీకి రావడానికి హైకోర్టు 2022 ఏప్రిల్ 22 గడువు పెట్టాల్సి వచ్చింది. మాకు జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే, బస్సు లేని ఐదు నెలలంటే ఏమిటో ఊహించుకోండి.

నా ఓటు ఆంధ్ర దారికే. జీతం ఖజానా చూసుకుంటే, ఖాళీ ట్రిప్పు ఆపేయాలన్న తొందర డిపోకు తగ్గాలి. తగ్గి తీరుతుందని మాత్రం రాసివ్వలేను.

ఇక పర్యవేక్షణ. ఈ సంస్థలన్నిటికీ మూలం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టమే, బడ్జెట్‌కు రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం తప్పనిసరి. అంటే రాయితీ సొమ్ము బాకీ పడేవాడి దగ్గరికే సంస్థ తన పద్దు పట్టుకెళ్లాలి. గట్టిగా అడిగేదెలా? విలీనంతో ఈ చిక్కు జీతాల వరకు తీరొచ్చు, జీరో టికెట్ల పద్దు మాత్రం అక్కడే ఉంటుంది.