ఒక గిటారు, ఒక లూపర్: బెంగళూరులో ఎడ్ షీరన్ ప్రోగ్రాం ఎలా ఉందంటే

స్టేజీ మీద డ్రమ్మర్ లేడు. కీబోర్డు లేదు, బేస్ గిటారు లేదు, కోరస్ పాడేవాళ్ళు లేరు. ఒక్క మనిషి, భుజానికి గిటారు, కాళ్ళ దగ్గర పెడల్. అంతే. ఎదురుగా మైదానం నిండా జనం. నేను హిందూపురంలో ఒక ఆర్కెస్ట్రా ట్రూపులో రిథమ్ ప్యాడ్స్ వాయిస్తాను. పెళ్ళి రిసెప్షన్లు, జాతరలు, గణేశ్ నిమజ్జనాలు మా బతుకుతెరువు. అందుకే నా చూపు ఇంగ్లండ్ పాటగాడు ఎడ్ షీరన్ మొహం మీద కంటే ఆయన పాదాల మీదే ఎక్కువసేపు నిలిచింది. ఈ రివ్యూ కూడా అక్కడి నుంచే రాస్తున్నాను.

ఇది 2025 ఫిబ్రవరి 9, ఆదివారం, బెంగళూరు నైస్ గ్రౌండ్స్‌లో జరిగిన ప్రోగ్రాం. ఆ ఊళ్ళో అది రెండో రోజు. అప్పటికి పుణె, హైదరాబాద్, చెన్నై అయిపోయాయి. తర్వాత షిల్లాంగ్, గురుగ్రామ్. అందరూ మ్యాథమెటిక్స్ టూర్ అని పిలిచే ఈ పర్యటన 2022 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో మొదలై 2025 సెప్టెంబరులో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో ముగిసింది. ఎడ్ షీరన్ ఆల్బమ్‌లకు ప్లస్, మల్టిప్లై, డివైడ్ లాంటి లెక్కల గుర్తులే పేర్లు కాబట్టి టూర్‌కీ ఆ పేరొచ్చింది. హైదరాబాద్‌లో ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. మా హిందూపురం వాళ్ళకు మాత్రం దగ్గర బెంగళూరే. పైగా మా అక్క కూతురు అక్కడే ఉద్యోగం చేస్తోంది. టికెట్లు కొన్నది తనే. నాకు తెలిస్తే వద్దంటానని ధర ముందు చెప్పలేదు. తర్వాత తెలిసింది, ఒక రాత్రి ప్రోగ్రాం చేస్తే నా చేతికొచ్చే డబ్బు కంటే అది ఎక్కువని. ఆ డబ్బుకు తగ్గది దొరికిందా అంటే, నా వరకు దొరికింది. ఎందుకో చెప్తాను.

లూపర్ అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. కాలితో పెడల్ నొక్కితే మీరు వాయిస్తున్నది రికార్డవుతుంది. మళ్ళీ నొక్కితే ఆ ముక్క తిరిగి తిరిగి మోగుతూ ఉంటుంది. దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి వేసుకుంటూ పోవచ్చు. షీరన్ కుర్రతనంలో చిన్న మార్టిన్ గిటారు, దుకాణంలో దొరికే మామూలు బాస్ కంపెనీ లూపర్ పట్టుకుని లండన్ పబ్బుల్లో పాడేవాడు. పేరొచ్చాక తన కోసం ప్రత్యేకంగా పెద్ద పెడల్ చేయించుకున్నాడు. దానికి చ్యూయీ మాన్‌స్టా అని పేరు పెట్టాడు. ఇప్పుడు వాయించే గిటారు ఉత్తర ఐర్లండ్‌లో తయారయ్యే లోడెన్. సామాను మారింది కానీ పద్ధతి మాత్రం పబ్బుల్లో ఉన్నదే.

ఆయన పాట షేప్ ఆఫ్ యూ వచ్చినప్పుడు నేను మాట్లాడటం మానేశాను. మొదట గిటారు డొక్క మీద అరచేత్తో కొట్టాడు, అది కాలితో కొట్టే పెద్ద డ్రమ్, కిక్ డ్రమ్ అయింది. వేళ్ళతో తట్టాడు, అది చురుగ్గా మోగే చిన్న డ్రమ్, స్నేర్. కాలు పడింది, బీట్ తిరగడం మొదలైంది. తీగలు ఎడమచేత్తో అదిమి పట్టి టక్‌టక్‌మనిపిస్తూ ఆ పాటలో అందరికీ తెలిసిన బిట్ వాయించాడు. మళ్ళీ కాలు. ఇప్పుడు కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి. మళ్ళీ కాలు. తర్వాత మైకు దగ్గరికొచ్చి కోరస్‌లో ఒక స్వరం, దాని పైన ఇంకో స్వరం. నిమిషం తిరక్కుండా స్టేజీ మీద నలుగురైదుగురు వాయిస్తున్నంత నిండుదనం వచ్చేసింది. అప్పుడు గిటారు వదిలేసి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని పాడుతూ నడిచాడు. వెనక పాట మోగుతూనే ఉంది. పక్కనున్న కుర్రాళ్ళు గెంతుతుంటే మా మేనకోడలు నా చెవి దగ్గరికొచ్చి, "మామా, ఇది ట్రాకు కాదు కదా?" అంది. "కాదు పాపా, ఇప్పుడే నీ ముందర చేసినాడు" అన్నాను.

తను ఆ ప్రశ్న అడగడానికి కారణముంది. మా రంగంలో ట్రాకు ఎక్కడ చూసినా ఉంది. ఒకప్పుడు రిసెప్షన్‌కి వెళ్తే కీబోర్డు, తబలా, ప్యాడ్స్, గిటారు, ఫ్లూటు ఉండేవి. ఇప్పుడు చాలా చోట్ల పెన్‌డ్రైవ్‌లో మైనస్ ట్రాకు, అంటే గొంతు తీసేసి వాయిద్యాలే ఉంచిన రికార్డింగు తెచ్చి దాని మీద పాడేస్తున్నారు. పెళ్ళివాళ్ళకు ఖర్చు తగ్గుతుంది, పాట అచ్చం సినిమాలో లాగే వినిపిస్తుంది. వాళ్ళను తప్పు పట్టను. కానీ ట్రాకు మీద పాడే మనిషికి టెన్షన్ ఉండదు. తను ఆగినా పాట ఆగదు. లూపర్ అలా కాదు. మొదటి బీట్ వేసేటప్పుడు చెయ్యి వెంట్రుకవాసి ముందో వెనకో పడిందంటే ఆ తప్పు పాట అయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. మేళంలో ఒకడు తప్పితే ఇంకొకడు సర్దుతాడు. ఇక్కడ సర్దడానికి మనిషి లేడు. కాలు సరిగ్గా ఒకటో మాత్ర మీద పడాలి, చెయ్యి లయ వదలకూడదు, నోరు పాడుతూ ఉండాలి, బుర్ర తర్వాత వేయాల్సిన పొరేదో ఆలోచించాలి. ముందే రికార్డు చేసినదేమీ లేదనీ, వింటున్నదంతా అక్కడికక్కడ పుట్టి పాటతోనే పోతుందనీ ఆయన ప్రతి ఊళ్ళో జనానికి చెప్తాడు. వాయించేవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది.

ఇంకో సంగతి గమనించాను. ఓపెన్ గ్రౌండ్‌లో శబ్దం వంద మీటర్లు రావడానికి దాదాపు సెకనులో మూడో వంతు పడుతుంది. అందుకే వెనక వరసల్లో జనం కొట్టే చప్పట్లు స్టేజీ దగ్గరికి చేరేసరికి బీట్ కంటే వెనక పడతాయి. పెద్ద జాతరల్లో మాకు ఇదే నరకం. చప్పట్లను పట్టుకుని వాయిస్తే పాట నడక మందగిస్తుంది. ఈయన తన వాయింపు తనకు వినిపించే ఇయర్‌ఫోన్లు, అంటే మానిటర్లు, చెవుల్లో పెట్టుకుని జనం చప్పట్లను పట్టించుకోకుండా తన లయ తను పట్టుకుని పోయాడు. చప్పట్లు కొట్టమని అడిగాడు, కానీ వాటి వెంట పోలేదు. అది అనుభవంతో తప్ప రాదు.

అన్ని పాటలూ నాకు ఒకే రకంగా ఎక్కలేదు. లూపర్‌కి పుట్టుకతోనే ఒక పరిమితి ఉంది. పాట మొదటి నుంచి చివరి దాకా అవే మూడు నాలుగు కార్డ్స్ మీద తిరగాలి. మన సినిమా పాటలకు పల్లవి ఒక దారి, చరణం ఇంకో దారి, మధ్యలో బీజీఎం వేరే స్కేల్‌కి పోయి తిరిగొస్తుంది. ఇళయరాజా పాటను లూపర్ మీద కూర్చోబెట్టడం అయ్యే పని కాదు. షీరన్ పాటలు లూపర్‌కి ఒదుగుతాయి, ఆయన పాట కట్టే తీరే అంత. దాంతో వరసగా లూప్ పాటలు వచ్చినప్పుడు కట్టడం ఒకేలా అనిపిస్తుంది. మెల్లగా మొదలు, పొర మీద పొర, పెద్ద శబ్దం, టక్కున ఆపడం. మూడోసారికి తర్వాత ఏం వస్తుందో నాకు తెలిసిపోయింది. లూపర్ పక్కన పెట్టి ఒట్టి గిటారుతో పాడిన పర్‌ఫెక్ట్, ఫొటోగ్రాఫ్ లాంటివే గొంతును బాగా వినిపించాయి. పైస్థాయిలో గొంతు సన్నబడకుండా, అరవకుండా నిలిపాడు. అలాంటివి ఇంకో రెండు కలిపి ఉంటే బాగుండేది.

ఇక చుట్టమల్లే సంగతి. ఆ రాత్రి తెలుగువాళ్ళంతా ఫోన్లు తీసింది దానికే. సినిమాలో ఆ పాట పాడిన శిల్పా రావు స్టేజీ మీదికి రాగానే మా వరసలో అరుపులు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో అప్పుడు తెలిసింది, ముందు అనంతపురం యాస, వెనక గోదావరి యాస. 2024లో దేవర వచ్చినప్పటి నుంచి ఆ పాట లేకుండా మేం ఒక్క రిసెప్షన్ కూడా చేయలేదు. అనిరుధ్ బాణీ, రామజోగయ్యశాస్త్రి సాహిత్యం. దాని ఊపు, దాని ఆగుళ్ళు నా చేతులకు కంఠతా వచ్చు. షీరన్ ఆమెతో కలిసి తెలుగులోనే పాడాడు. మన భాష రాని మనిషి పలికినట్టే ఉంది, అందులో వింత లేదు. శ్రుతి మాత్రం పోలేదు. పాట మధ్యలో తను ముందుకు తోసుకురాకుండా ఆమెకు పక్కపాటగా నిలబడ్డాడు. అది నాకు అన్నిటికంటే నచ్చింది. వాళ్ళ ఊరొచ్చాం కాబట్టి ఒక ముక్క అనేసి పోదాం అన్నట్టు లేదు, నేర్చుకుని వచ్చి పాడినట్టుంది. చెన్నైలో ఏఆర్ రెహమాన్‌తో కలిసి షేప్ ఆఫ్ యూని ఊర్వశీ పాటతో కలిపాడు. అది వీడియోలో చూశాను. బాగుంది, కానీ అక్కడ రెండు పాటలూ ఆ ఇద్దరివే. ఇక్కడ తనది కాని పాటను తనకు రాని భాషలో నెత్తికెత్తుకున్నాడు. జూనియర్ ఎన్టీఆర్ కూడా తర్వాత సోషల్ మీడియాలో మెచ్చుకున్నాడు.

అదే రోజు పొద్దున చర్చ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద షీరన్ గిటారు పట్టుకుని పాడుతుంటే పోలీసులొచ్చి ఆపించారు. అనుమతి ఉందని ఆయన, ఇవ్వలేదని పోలీసులు చెప్పారు. ఆ గొడవ సంగతి ఎలా ఉన్నా, రాత్రికి టికెట్లు అమ్ముడైన ప్రోగ్రాం పెట్టుకుని పొద్దున వీధిలో ఊరికే పాడే మనిషిని చూస్తే ఈయనకు వాయించడమంటే ఎంత ఇష్టమో అర్థమవుతుంది. నాకు గౌరవం పెరిగింది.

వసతుల గురించి రెండు మాటలు. వెళ్ళేటప్పుడు సుఖంగానే వెళ్ళాం. రైల్లో యశవంతపుర దిగి, గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి మాదావర దాకా. ఆ పొడిగింపు 2024 నవంబరులోనే మొదలైంది, లేకపోతే తుమకూరు రోడ్డు ట్రాఫిక్‌లో చిక్కుకునేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కష్టం. అంత జనం ఒకేసారి బయటికొస్తే ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. క్యాబ్ యాప్ తిరుగుతూనే ఉంటుంది. మీటరు మాట ఎత్తితే ఆటోవాళ్ళు మొహం తిప్పుకున్నారు. లోపల స్టాల్‌లో మంచినీళ్ళ ధర చూసి మా మేనకోడలు నోరెళ్ళబెట్టింది. అంత డబ్బు పోసి వచ్చినవాళ్ళకు ఉచితంగా నీళ్ళు పెట్టడం కనీస మర్యాద. ఈ మాట ఏ ఊరి నిర్వాహకులకైనా చెప్తాను.

సౌండ్ కావాలనుకునేవాళ్ళు స్టేజీకి అతుక్కుని నిలబడకండి. ముందు భాగంలో సబ్‌వూఫర్ల (మందర శబ్దమిచ్చే పెద్ద స్పీకర్ల) గుద్దుడు తప్ప గిటారు తీగల వివరం తెలియదు. సౌండ్ ఇంజినీరు మిక్సర్ పెట్టుకునే గుడారం ఉంటుంది కదా, దానికి కొంచెం ముందు, మధ్యలో నిలబడండి. ఇంజినీరు వినేదే మీరూ వింటారు. మేం అక్కడే నిలబడ్డాం. పెడల్ నొక్కే కాలు పెద్ద తెర మీద చూసుకోవచ్చు. డ్యాన్సర్లు, మంటలు, పది రకాల డ్రెస్సులు కావాలనుకునేవాళ్ళు ఈ డబ్బు దాచుకోండి, ఆయన టీషర్టు వేసుకునే పాడతాడు. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో మాత్రం వాళ్ళను తప్పకుండా తీసుకెళ్ళండి. మా ట్రూపులో కొత్తగా చేరిన కీబోర్డు కుర్రాడికి ఈ సంగతులన్నీ చెప్తే, ఉన్న డబ్బులతో పాత లూపర్ ఒకటి కొనుక్కొచ్చి సాధన మొదలుపెట్టాడు.

ఆయన తర్వాతి పర్యటన పేరే లూప్ టూర్. 2026లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలతో మొదలుపెట్టి అమెరికాకు వెళ్ళేలా తేదీలు ప్రకటించారు. ఆ దేశాల్లో ఉన్న మనవాళ్ళు టికెట్ కొనాలా వద్దా అని ఆలోచిస్తుంటే, కొనండి. సీటు కొనేముందు పెద్ద తెరలు బాగా కనిపించే వైపో కాదో చూసుకోండి.