టైరుకి అంటిన మట్టి: అల్జాస్ ద్రాక్షతోటల్లో నాలుగేళ్ల మౌంటెన్ బైకింగ్

ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల మధ్య సైకిల్ అనగానే నున్నటి తారు రోడ్డు, ముందు బుట్ట ఉన్న సైకిల్, పూలకుండీల పక్కన ఫోటో గుర్తొస్తాయి. ఫ్రాన్స్ తూర్పు అంచునున్న అల్జాస్‌లో అవన్నీ ఉన్నాయి. నేను నాలుగేళ్లుగా తొక్కుతున్నది మాత్రం వాటికి కాస్త పైన, తోటలు అయిపోయి వోజ్ కొండల అడవి మొదలయ్యే అంచు మీద. స్ట్రాస్‌బర్గ్‌లో ఉద్యోగం. మార్చి నుంచి నవంబర్ దాకా నెలకి రెండు ఆదివారాలైనా సైకిల్‌ని రైలెక్కించి కోల్మార్‌లో దిగుతాను. అరగంట ప్రయాణం. నేనెక్కే ప్రాంతీయ రైళ్లలో సైకిల్‌కి వేరే టికెట్ ఎప్పుడూ అడగలేదు. ఇప్పటికి అరవైసార్లకి పైనే వెళ్లి ఉంటాను కాబట్టి ఇక్కడి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. గాల్లోకి లేచే దూకుళ్లు, నిట్టనిలువు దిగుడులు కావాలనుకునేవాళ్లకి ఈ దారులు చప్పగా ఉంటాయి. వాళ్లకోసం ఇదే కొండల్లో లాక్ బ్లాంక్ బైక్‌పార్క్ ఉంది, అక్కడికి వెళ్లడం మంచిది. కానీ నేల ఎలా మారుతోందో చూసుకుంటూ, ఊరూరా ఆగుతూ, రోజుకి నలభై యాభై కిలోమీటర్లు తొక్కాలనుకునేవాళ్లకి నేను చూసినంతలో ఇంతకన్నా మంచి చోటు లేదు.

అల్జాస్ వైన్ రోడ్డుని 1953లో ప్రారంభించారు. ఉత్తరాన మార్లెన్‌హైమ్ నుంచి దక్షిణాన టాన్ దాకా సుమారు 170 కిలోమీటర్లు. కొండకీ మైదానానికీ మధ్య సన్నటి పట్టీలాగా తోటలు సాగుతాయి. పడమటి నుంచి వచ్చే మబ్బులు వోజ్ కొండల మీదే చాలావరకు కురిసేస్తాయి. అందుకే కోల్మార్‌లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వానే పడుతుంది, అదే కొండ శిఖరాల మీద దానికి మూడు రెట్లు దాటుతుంది. మిటెల్విర్ ఊరి పైన బాదం చెట్లు చూసి మొదట్లో ఆశ్చర్యపోయాను. సైకిల్ తొక్కేవాడికి దీని లాభం, ఏడాదిలో చాలా రోజులు దారి పొడిగా దొరకడం.

పొడిగా ఉన్నంతసేపూ అన్ని దారులూ ఒకేలా అనిపిస్తాయి. వాన పడ్డాకే అసలు సంగతి తెలిసింది. మొదటి ఏడాది ఏప్రిల్‌లో, ఉదయం జల్లు పడి వెలిసిన తర్వాత కీన్‌త్సైమ్ వెనకున్న ష్లాస్‌బెర్గ్ వాలు ఎక్కాను. అది గ్రానైట్ కొండ, రాతిగోడలు కట్టిన మెట్ల తోటలు. మేలైన ద్రాక్షతోటలకి ఇచ్చే గ్రాండ్ క్రూ హోదా అల్జాస్‌లో మొదట వచ్చింది ఈ వాలుకే, 1975లో. గంటన్నరకే నేల ఆరిపోయింది, టైరు కింద ఇసుక కరకరలాడుతోంది. ఇంక పర్లేదనుకుని అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో రిక్‌విర్ పైనున్న శోనెన్‌బుర్గ్ వాలు మీదికి వెళ్లాను. అక్కడిది సున్నపు బంకమట్టి, లోపల జిప్సం. మన నల్లరేగడిలో తొలకరి రోజున సైకిల్ దింపితే ఏమవుతుందో అదే అయింది. మట్టి టైరుకి పొరలు పొరలుగా అంటుకుని ఫోర్క్ మధ్య ఇరుక్కుంది. చక్రం తిరగడం మానేసింది. భుజానేసుకుని కిందికి దిగాను.

కింద ట్రాక్టర్ కడుగుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి పైపు చేతికిచ్చారు. "ఈ మట్టి నీళ్లు వదలదు బాబూ. అందుకే ఆగస్టులో మా తీగ బతుకుతుంది" అన్నారు. ఆ రోజు నుంచి నేను దారిని మట్టిని బట్టి ఎంచుకుంటున్నాను. కొండ అంచు పొడవునా భూమి పొరలు పగిలి, కుంగి, పక్కపక్కనే రకరకాల నేలలు బయటపడ్డాయి. ఒకచోట గ్రానైట్, తర్వాత సున్నపురాయి, ఇంకాస్త ముందుకెళ్తే ఇసుకరాయి. ఇప్పుడు అల్జాస్‌లో గ్రాండ్ క్రూ వాలులు 51 ఉన్నాయి. ఒకే రీస్లింగ్ ద్రాక్షని గ్రానైట్ మీద పెంచితే ఒక రుచి, బంకమట్టి మీద పెంచితే ఇంకో రుచి అని వైన్ పుస్తకాలు చెప్తాయి. నాకు నాలుక కన్నా ముందు టైరు చెప్పింది. వాన పడిన రోజు ష్లాస్‌బెర్గ్, ఉనావిర్ పైనున్న అడవి దారులు. ఎండిన వారం శోనెన్‌బుర్గ్. ఇప్పటికీ ఇదే లెక్క.

సైకిల్ సంగతి. మొదటిసారి ఒక అద్దె దుకాణంలో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ తీసుకున్నాను. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఉన్నాయని సగం దిగుడులో గానీ తెలియలేదు. లివర్ హ్యాండిల్‌బార్‌కి తగిలేదాకా నొక్కినా బండి ఆగకపోతే ఎంత టెన్షన్ వస్తుందో అప్పుడు అర్థమైంది. అద్దెకి తీసుకునేవాళ్లు దుకాణం ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి చూడండి, ప్యాడ్ మందం చూపించమని అడగండి. తర్వాత సొంతంగా 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్, అంటే వెనక సస్పెన్షన్ లేని సైకిల్, కొన్నాను, ముందు ఫోర్క్ 120 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఇక్కడికి అది సరిపోతుంది. ఫుల్ సస్పెన్షన్ బరువు ఎక్కుడులో మోయడం దండగ. టైర్లు మాత్రం మధ్యలో మార్చాను. దగ్గర దగ్గర గుబ్బలున్నవి తీసేసి ఎడంగా ఉన్నవి వేశాక బంకమట్టి తనే రాలిపోతోంది. ట్యూబ్‌లెస్ చేయించాక ముళ్ల పంక్చర్లు దాదాపు పోయాయి. చలికాలం కత్తిరింపుల తర్వాత దారి మీద తీగముక్కలు పడి ఉంటాయి, అవి వెనక గేర్లలో చిక్కుకుంటే గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. నాది మూడో ఏడాది మార్చిలో విరిగింది. అప్పటి నుంచి ఒకటి విడిగా బ్యాగులో పెట్టుకుంటున్నాను.

నేను ఎక్కువసార్లు తొక్కిన చుట్టు ఇది: కోల్మార్ నుంచి సిగోల్సైమ్, కీన్‌త్సైమ్, కైజెర్స్‌బెర్గ్; అక్కడి నుంచి అటవీ రోడ్డు పట్టుకుని ఓబ్యూర్; రిబోవిలే వైపు దిగి ఉనావిర్, రిక్‌విర్, జెల్లెన్‌బెర్గ్ మీదుగా వెనక్కి. ఓబ్యూర్ అల్జాస్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఊరు, సుమారు 800 మీటర్లు. ఒకప్పుడు క్షయ రోగుల శానటోరియంలు ఇక్కడ ఉండేవి, మన మదనపల్లె ఆరోగ్యవరం లాగా. ఎక్కుడు ఎక్కువసేపు సాగుతుంది గానీ గుండెలవిసేంత నిటారు కాదు. తోటలు దాటగానే కొంతదూరం చెస్ట్‌నట్ చెట్లు వస్తాయి. తీగలకి ఊతకర్రలు పూర్వం ఈ చెట్ల నుంచే కొట్టేవాళ్లు, అందుకే తోట పక్కనే ఈ అడవి. దాని పైన ఫర్ చెట్ల చీకటి, చల్లదనం.

అడవిలో దారి గుర్తులు మొదట్లో తికమకపెడతాయి. 1872లో పుట్టిన క్లబ్ వోజియన్ అనే సంఘం చెట్ల మీద రంగురంగుల గుర్తులు వేస్తుంది. దీర్ఘచతురస్రం, చుక్క, శిలువ... అవి నడిచేవాళ్ల కోసం. సైకిల్‌వాళ్లకి ఫ్రాన్స్ అంతటా ఉన్న గుర్తు ఒక త్రిభుజం, పక్కన రెండు చక్రాలు. ఇరుకు కాలిబాట మీద ఎవరైనా ఎదురైతే నేను దిగి నిలబడతాను. ఆదివారాల్లో ఇక్కడ ముసలివాళ్లు కుటుంబాలతో నడుస్తారు, ఆ బాటలు కాపాడుకుంటున్నదీ వాళ్లే. కోతలప్పుడు, అంటే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, తోటల దారుల్లో ట్రాక్టర్లదే మొదటి హక్కు.

ఊళ్ల గురించి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. రిక్‌విర్‌లో 1291 నాటి డోల్డర్ బురుజు, కర్రచట్రాల ఇళ్లు, రాళ్లు పరిచిన వీధి. అందంగా ఉంటుంది, కానీ పదకొండు దాటితే జనంలో సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాల్సిందే. డిసెంబర్ క్రిస్మస్ సంతల్లో అటువైపు వెళ్లకండి. నాకు ఉనావిర్ ఎక్కువ ఇష్టం. తోటల మధ్య గుట్ట మీద కోటగోడ కట్టిన చర్చి, చుట్టూ సమాధులు. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే చర్చిని వాడుకుంటారు. కైజెర్స్‌బెర్గ్ 1875లో, ఆఫ్రికాలో ఆసుపత్రి నడిపిన డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టిన ఊరు, వంతెన దగ్గర ఆగి నీళ్లు తాగడానికి బాగుంటుంది.

రిక్‌విర్ నుంచి కిందికి దిగి బెన్‌విర్ చేరగానే పాత ఇళ్లు మాయమవుతాయి. మొదటిసారి ఈ ఊరికి చరిత్ర లేదేమో అనుకున్నాను. నిజం వేరు. 1944 డిసెంబర్‌లో బెన్‌విర్, మిటెల్విర్, సిగోల్సైమ్ యుద్ధంలో నేలమట్టమయ్యాయి. రిక్‌విర్, ఉనావిర్ మిగిలాయి. మధ్యలో ఉన్నది రెండు మూడు కిలోమీటర్ల తోటలే. సిగోల్సైమ్ పైన గుట్ట మీద సైనికుల శ్మశానం ఉంది. శిలువల పక్కనే ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ చనిపోయిన ముస్లిం సైనికుల సమాధిరాళ్లూ వరసగా ఉంటాయి. నాలుగు వైపులా ద్రాక్షసాళ్లు. ఏ చుట్టు తొక్కినా అక్కడ ఐదు నిమిషాలు ఆగకుండా రాలేను. ఈ ప్రాంతం 1871లో జర్మనీకి, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కి, 1940లో మళ్లీ జర్మనీకి, 1945కల్లా తిరిగి ఫ్రాన్స్‌కి పోయింది. ఊరి పేర్లు జర్మన్‌లా, పలుకు ఫ్రెంచ్‌లా ఉండటం ఎందుకో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

మా నాన్నగారు మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిరి పెంచిన మనిషి. రెండో ఏడాది జూన్‌లో తోటలోంచి వీడియో కాల్ చేశాను. పందిరి లేకుండా ద్రాక్షతీగలని ఇనుప వైర్ల మీద నిలువుగా కట్టడం చూసి "ఎండ అంతా ఆకుకే తగిలేలా కట్టారే" అన్నారు. తర్వాత ఫోన్ దగ్గరికి పెట్టమని, "ఆ ఆకుల మీద నీలం మరక మైలుతుత్తందేనా రా?" అని అడిగారు. "అవును నాన్నా, సున్నంతో కలిపినట్టుంది" అన్నాను. మైలుతుత్తం, సున్నం కలిపి బూజు తెగులుకి మనవాళ్లు చల్లే బోర్డో మిశ్రమం పుట్టింది ఈ దేశంలోనే, 1880లలో బోర్డో తోటల్లో. ఆయన జీవితమంతా పలికిన మాట ఒక ఊరి పేరని ఆ రోజే తెలిసింది ఆయనకి. చాలాసేపు ఆ సాళ్లనే చూపించమన్నారు. మందు కొట్టిన రోజు మాత్రం సాళ్లలోకి వెళ్లకండి, ఆ వాసన వస్తే పై దారి పట్టండి.

తిండి దగ్గర శాకాహారులకి కష్టమే. ఫ్లామెక్యూషే అనే పల్చటి రొట్టె మీద పంది మాంసం ముక్కలు వేస్తారు. "సాన్ లార్దోన్" అని అడిగితే తీసేసి చేస్తారు. బిబలకాస్ దొరికితే వదలకండి. పెరుగులాంటి మెత్తటి జున్నులో వెల్లుల్లి, ఉల్లికాడలు కలిపి, వేయించిన బంగాళాదుంపలతో ఇస్తారు. మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు, ఆదివారం సాయంత్రం మరీ కష్టం. ఊరి కుళాయి తొట్ల దగ్గర "నాన్ పొటాబ్ల్" అని రాసుంటే ఆ నీళ్లు తాగకూడదు. వైన్ రుచి చూడటం నేను తొక్కడం అయ్యాకే పెట్టుకుంటాను. రక్తంలో లీటరుకి 0.5 గ్రాముల పరిమితి ఇక్కడ సైకిల్‌వాళ్లకీ వర్తిస్తుంది, పైగా రాళ్ల దిగుడు మీద ఒక గ్లాసు కూడా ఎక్కువే.

మూడు విషయాలు నాకు నచ్చవు. ఊళ్ల మధ్య కొన్ని ముక్కలు తారు రోడ్డు మీద కార్లతో కలిసి తొక్కాలి. మే నుంచి సెప్టెంబర్ దాకా పేరున్న ఊళ్లలో జనం. ఓ-కోనిగ్స్‌బుర్గ్ కోట దగ్గర ఇవి రెండూ కలుస్తాయి. 1900 నుంచి 1908 దాకా జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ తిరిగి కట్టించిన ఆ ఎర్ర ఇసుకరాతి కోట చూడాల్సిందే, కానీ సైకిల్ మీదైతే తొమ్మిదిలోపు పైకి చేరండి. మూడోది, అడవి రోడ్లలో ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే దించుకోవాలి.

ఒక్కసారే వచ్చేవాళ్లు అక్టోబర్ రెండో సగంలో రండి. కోతలు చాలావరకు అయిపోతాయి, ఆకులు పసుపెక్కుతాయి, ఊళ్లలో పులిసే ద్రాక్షరసం వాసన. నాకైతే నవంబర్ ఇంకా ఇష్టం. కోల్మార్‌లో దిగేసరికి మంచు పొగలో పది అడుగుల దూరం కనిపించదు. లైట్లు వేసుకుని కైజెర్స్‌బెర్గ్ దాటి ఎక్కుతూ పోతే, ఎక్కడో చెస్ట్‌నట్ అడవిలో తల పైకెత్తగానే ఎండ. ఇంకో పావుగంట తొక్కితే కింద రైన్ మైదానమంతా తెల్లటి సముద్రం, దాని అవతలి గట్టున జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ కొండలు. పోయిన నవంబర్‌లో అక్కడ నిలబడి నాన్నకి మళ్లీ వీడియో కాల్ చేశాను.