దద్దుర్లకు గోధుమే కారణమా? మానేసి చూడటం మేలా, ముందు పరీక్ష మేలా?

నెలల తరబడి దురద. ఆయింట్‌మెంట్లు మారాయి, సబ్బు మారింది, వంకాయ మానేశారు, చేపలు మానేశారు, అయినా గోకుడు ఆగలేదు. సరిగ్గా ఈ దశలో ఎవరో ఒకరు "గ్లూటెన్ పడట్లేదేమో, ఓ నెల గోధుమలు మానేసి చూడు, పోయేదేముంది" అంటారు. నిజానికి పోయేది ఉంది, అది డబ్బు కాదు, రోగం ఏదో తేల్చుకునే అవకాశం. నా మట్టుకు నేను చెప్పేది ఒక్కటే: ముందు పరీక్ష, తర్వాతే పథ్యం. ఎందుకో చెప్తాను.

గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే ఒక ప్రొటీన్, దానివల్ల వచ్చే చర్మవ్యాధి నిజంగానే ఉంది. దాన్ని డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అంటారు, 1884లో ఫిలడెల్ఫియా డాక్టర్ లూయీ డ్యూరింగ్ దాని గురించి మొదట రాశాడు. అంటుకునేది కాదు, హెర్పిస్ వైరస్‌తో సంబంధమూ లేదు. గ్లూటెన్ తింటే ఒంటి రక్షణ వ్యవస్థే పేగుల్ని దెబ్బతీసే సీలియాక్ జబ్బే చర్మం మీద ఇలా బయటపడుతుంది. చిక్కేమిటంటే చాలామందికి కడుపులో ఏ బాధా ఉండదు, విరేచనాలు లేవు, ఉబ్బరం లేదు, ఉత్త దురదే. రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, పిరుదులు, వీపు, కొందరికి తలలోనూ వస్తుంది. ఎడమవైపు ఎక్కడొస్తే కుడివైపూ దాదాపు అక్కడే. ముందు మంట, ఆ తర్వాత గుంపుగా చిన్న చిన్న నీటి పొక్కులు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి పొక్కు ఒక్కటీ మిగలదు, అన్నీ గోకి గోకి చిదిమేసి ఉంటాం, చెక్కు కట్టిన పుండ్లే కనిపిస్తాయి. అందుకే కొత్తగా లేచిన రోజే ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. దేశవ్యాప్తంగా పెద్దవాళ్లలో సీలియాక్ ఎంతమందికి ఉందో చూసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది, అందులో ఉత్తరాదిలో సుమారు వందకు ఒకరు, దక్షిణాదిలో సుమారు వెయ్యికి ఒకరు తేలారు. రెండు చోట్లా జన్యువుల్లో పెద్ద తేడా ఏమీ లేదు, పెద్ద తేడా తినే గోధుమల్లోనే. షుగర్ వచ్చిందని రాత్రి అన్నం మానేసి పుల్కాలకు మారిన ఇళ్లు ఇప్పుడు మన దగ్గరా బోలెడు, కాబట్టి మనకు రాదులే అని కొట్టిపారేయలేం. అయినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తగ్గని దురద అంటే ముందు అనుమానించాల్సింది గజ్జి, తామర, ఎగ్జిమాలనే. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ దురద, రాత్రయితే మరీ ఎక్కువ, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారంటే అది గజ్జి కావచ్చు. గుండ్రటి అంచుతో గజ్జల్లోనో నడుం దగ్గరో పాకుతోంది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ రాస్తే తగ్గి, ఆపగానే రెట్టింపయిందంటే తామర. చర్మాన్ని కొంచెం గీరి మైక్రోస్కోప్ కింద పెడితే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది. గోధుమ జోలికి వెళ్లక్కర్లేదు.

ఇంకొక రకం ఉంది, గోధుమ అలర్జీ. తిన్న నిమిషాల్లోనో గంటా రెండు గంటల్లోనో దద్దుర్లు లేస్తాయి, కాసేపటికి ఒకచోట మాయమై ఇంకోచోట వస్తాయి. ఒక దద్దు చుట్టూ పెన్నుతో గీత గీయండి, మర్నాటికి ఆ గీత లోపల ఏమీ లేకపోతే అది ఇలా వచ్చిపోయే దద్దుర్ల తరహాదే, కారణం గోధుమే అని మాత్రం దాంతో తేలదు. గోధుమ అలర్జీకి చూసే ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) పరీక్ష వేరు, సీలియాక్ పరీక్ష వేరు. (పెదవులు వాచడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఈ లెక్కలేవీ వద్దు, ఆసుపత్రికి పరుగెత్తాలి.)

ఇక మానేసి చూడటం. దీని అసలు లోపం జవాబు రాకపోవడం. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌లో గ్లూటెన్ పూర్తిగా ఆపినా పొక్కులు తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరికి రెండేళ్లు కూడా. మూడు వారాలు మానేసి "తగ్గలేదు, కాబట్టి గోధుమ కాదు" అనుకుంటే లెక్క తప్పింది. పోనీ తగ్గిందే అనుకుందాం. గోధుమతోపాటు బేకరీ, బయటి నూనె వంటలు, రాత్రి పరోటా అన్నీ మానేశారు, మధ్యలో ఎండాకాలం పోయి చెమట తగ్గింది, దీనికితోడు ఈ పొక్కులు వాటంతట అవే ఎక్కువ తక్కువ అవుతుంటాయి. దేనివల్ల తగ్గిందని చెప్తారు? పైగా మానేశామనుకున్నవాళ్లు చాలామంది మానేసి ఉండరు. చపాతీ ఆపి బొంబాయి రవ్వ ఉప్మా తింటారు, సేమియా తింటారు, పొద్దున్నే హార్లిక్స్ తాగుతారు, పులుసులో డబ్బా ఇంగువ వేస్తారు. ఆ డబ్బా వెనక చదివితే చాలావాటిలో గోధుమ పిండో మైదానో కనిపిస్తుంది. మైసూర్ బజ్జీ మైదానే. బార్లీ నీళ్లు "చలవ" అని తాగుతారు, బార్లీలోనూ గ్లూటెన్ ఉంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం, మానేశాక రక్త పరీక్ష చేయిస్తే నెగెటివ్ రావచ్చు. తినడం ఆపిన కొన్ని నెలల్లో ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలు తగ్గిపోతాయి. అప్పుడు డాక్టర్ మళ్లీ కొన్ని వారాలపాటు రోజూ గోధుమ తిని రమ్మంటారు, అంటే ఆ దురదంతా తిరిగి తెచ్చుకోవడమే.

రక్త పరీక్ష అంటే టీటీజీ ఐజీఏ (సీలియాక్‌లో పెరిగే యాంటీబాడీ), దాంతోపాటే ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలు మొత్తం ఎన్నో చూసే పరీక్ష. రెండోది ఎందుకంటే కొందరికి ఒంట్లో ఐజీఏనే తక్కువ ఉంటుంది, వాళ్లకు మొదటి పరీక్ష ఉత్తినే నెగెటివ్ చూపిస్తుంది. మామూలుగా తింటూనే చేయించాలి, ఒకసారి రక్తం ఇస్తే పని అయిపోతుంది. పాజిటివ్ వస్తే అనుమానం బలపడినట్టే. నెగెటివ్ వస్తే మాత్రం ఊపిరి పీల్చుకోవద్దు, చర్మం మీద జబ్బు ఉండి కూడా ఈ పరీక్షలో దొరకనివాళ్లు ఉన్నారు.

తేల్చేది చర్మం ముక్క. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, ఒకటో రెండో కుట్లు పడతాయి. ఇక్కడొక సూక్ష్మం ఉంది: చర్మంలో పేరుకున్న ఐజీఏని వెలిగించి చూపే ఫ్లోరసెన్స్ పరీక్షకు పంపే ముక్కను పొక్కు మీద కాదు, దాని పక్కన బాగున్నట్టు కనిపించే చర్మం నుంచి తీయాలి, ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే మందు నీళ్లలో) వేయకూడదు. పొక్కు ఉన్న ముక్క మామూలు బయాప్సీకి వేరుగా ఫార్మలిన్‌లో వెళ్తుంది. అందుకే "డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరసెన్స్ కూడా పంపుతున్నారా, ముక్క పక్క చర్మం నుంచే కదా" అని డాక్టర్‌గారిని ముందే అడగండి, ఏమీ అనుకోరు. చర్మం పైపొర కింద ఐజీఏ చుక్కలు చుక్కలుగా పేరుకుని కనిపిస్తే జబ్బు ఖాయం. ఈ నిల్వలు రక్తంలో యాంటీబాడీల్లా తొందరగా పోవు, కాబట్టి ఇప్పటికే కొన్ని వారాల క్రితం గోధుమ మానేసినవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

ఫుడ్ ఇన్‌టాలరెన్స్ ప్యాకేజీలని వందల పదార్థాలకు ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ చూసి ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో రిపోర్టు ఇచ్చేవి ఉన్నాయే, వాటి జోలికి పోవద్దు. రోజూ తినేవాటికి ఐజీజీ ఉండటం మామూలే, అది జబ్బు కాదు. సీలియాక్ వచ్చే వీలున్న జన్యువులు ఉన్నాయేమో చూసే హెచ్ఎల్ఏ పరీక్ష వేరు కథ: నెగెటివ్ అయితే సీలియాక్ దాదాపు లేనట్టే, పాజిటివ్ అయితే ఏమీ తేలనట్టే, ఎందుకంటే ఆ జన్యువులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఉంటాయి.

డాప్సోన్ మాత్ర వేసి చూడటం అనే దారి కూడా కొందరు అడుగుతారు. కుష్టుకు వాడే మందే ఇది, చీటీలో పేరు చూసి కంగారుపడక్కర్లేదు. దురద రెండు మూడు రోజుల్లోనే తగ్గుతుంది, ఆ హాయి మామూలుది కాదు. కానీ వేరే పొక్కుల జబ్బులకూ ఇది పనిచేస్తుంది కాబట్టి తగ్గినంత మాత్రాన గ్లూటెనే అని రుజువు కాదు, పేగులకు ఇది చేసేదీ ఏమీ లేదు. మొదలుపెట్టేముందు జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష తప్పనిసరి, ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు రక్తకణాలు చితికిపోతాయి. తర్వాత కూడా రక్తం చూపిస్తూ ఉండాలి. ఇంకొకరి మాత్రలు తెచ్చి వేసుకునే మందు కాదిది.

చర్మం ముక్కలో తేలితే అప్పుడు పథ్యం అసలు మొదలవుతుంది, అది జీవితాంతం. అన్నం, జొన్న, రాగి, సజ్జ, మినుములు, శనగపిండి మనకు ఉండనే ఉన్నాయి కాబట్టి పంజాబ్‌వాళ్లంత కష్టం కాదు. జాగ్రత్తంతా పిండి మర దగ్గరే. ముందువాళ్ల గోధుమలు ఆడించిన మరలోనే మన జొన్నలు పోస్తే ఆ గోధుమ పిండి మన డబ్బాలోకి వస్తుంది, ఇంట్లో చిన్న గ్రైండర్ పెట్టుకోవడం మేలు. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు అని లెక్క. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా ఒకసారి టీటీజీ చేయించమంటారు, వాళ్లు చపాతీలు మానకముందే చేయించండి.