బడ్జెట్ హెడ్‌ఫోన్స్ చాలాకాలం వాడి చూశాక: సౌండ్ కన్నా ముందు బిగుతు చూడండి

హెడ్‌ఫోన్స్ కొనేముందు అందరూ అడిగేది "సౌండ్ ఎలా ఉంది?" అనే. కానీ కొన్నాక వాడకుండా మూలన పడేసేవాటిలో ఎక్కువ భాగం సౌండ్ బాగానే ఉన్నవి. అరగంటకే చెవి తమ్మె మండుతుంది, నడినెత్తిన నొప్పి పుడుతుంది, ఇక వాటిని ముట్టుకోబుద్ధి కాదు. తక్కువ ధర హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ లోపాలను ఈక్వలైజర్‌తో (లోతు, కీచు శబ్దాల పాళ్లు మార్చే యాప్) చాలావరకు సర్దుకోవచ్చు. చెవి పట్టని కప్పును మాత్రం ఏ యాపూ వెడల్పు చేయలేదు. ఇంకో మాట: సౌండ్, సౌకర్యం రెండూ విడివిడి సంగతులు కావు. ప్యాడ్ చెవి చుట్టూ ఎంత బాగా అతుక్కుంటే బేస్ అంత నిండుగా వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా మూడు పాత డిజైన్ల చుట్టూ తిరుగుతుంది: కాస్ పోర్టా ప్రో, సోనీ ఎండీఆర్-7506, ఏకేజీ కె240 స్టూడియో. మూడూ వైర్‌వే. మూడింటి తీరూ పూర్తిగా వేరు కాబట్టి పోల్చి చూడటానికి బాగుంటాయి.

పోర్టా ప్రో 1984లో వచ్చింది. చెవిని కప్పదు, చెవి మీద ఆనుతుంది. కప్పు వెనక గాలి ఆడే ఓపెన్ రకం, 60 ఓమ్స్ (కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత), వంద గ్రాముల లోపు బరువు. దీనిలో అసలు తెలివంతా కణతల దగ్గరుండే చిన్న మెత్తల్లో ఉంది. పక్కనున్న మీటను 'లైట్' వైపు జరిపితే ఆ మెత్తలు తలను నొక్కి చెవి మీద భారం తగ్గిస్తాయి. 'ఫర్మ్' వైపు జరిపితే స్పాంజ్ చెవికి గట్టిగా ఆనుతుంది. మీట జరిపినప్పుడల్లా సౌండ్ కూడా మారుతుంది: లైట్‌లో బేస్ పలచబడుతుంది, ఫర్మ్‌లో చిక్కబడుతుంది. పైన చెప్పిన సూత్రం ఒక్క మీటతో చెవికి తెలిసిపోతుంది. బేస్ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉబ్బెత్తుగా ఉంటుంది, అంతకు బాగా కిందికి వెళ్తే జారిపోతుంది. ట్రెబుల్, అంటే కీచు శబ్దాల భాగం, మెత్తన. గంటల తరబడి మాటలు, పాత పాటలు వినడానికి ఇంతకన్నా హాయైనది ఈ ధరలో అరుదు. బయటి చప్పుడు ఏమాత్రం ఆగదు, మీరు వినేది పక్కవాళ్లూ వింటారు. పొడుగు జుట్టున్నవాళ్లు రెండు లోహపు పట్టీల మధ్య జుట్టు ఇరుక్కోకుండా చూసుకోవాలి.

7506 స్టూడియోల కోసం 1991లో వచ్చిన, కప్పు వెనక మూసి ఉండే క్లోజ్డ్ రకం. 40 మి.మీ. డ్రైవర్ (పలచటి పొర కదిలి శబ్దం పుట్టించే భాగం), 63 ఓమ్స్, కేబుల్ కాకుండా సుమారు 230 గ్రాములు. ట్రెబుల్ కాస్త ముందుకు తోసినట్టుంటుంది. రికార్డింగ్‌లో 'స' దగ్గర వచ్చే ఈల, మైక్‌కి తగిలిన గాలి, ఎడిటింగ్‌లో మిగిలిపోయిన చిటుకులు అన్నీ బయటపడతాయి. పని చేసుకోవడానికి అది వరం, తీరిగ్గా పాటలు వినడానికి కొంత శ్రమ. ప్యాడ్ల లోతు తక్కువ, చెవులు బయటికి పొడుచుకొచ్చినవాళ్లకు లోపలి గుడ్డ తగులుతుంది. మెలికల కేబుల్ బల్ల దగ్గర బాగానే ఉంటుంది గానీ లేచి తిరిగితే ఒకవైపు లాగుతుంది.

కె240 స్టూడియో సెమీ ఓపెన్, చెవిని పూర్తిగా కప్పుతుంది, 55 ఓమ్స్. తల మీద ఆనేది సాగే తీగలకు వేలాడే వెడల్పాటి పట్టీ. తల సైజును బట్టి అదే సర్దుకుంటుంది కాబట్టి 240 గ్రాముల బరువు ఒక్కచోట పడదు. మూడింటిలో ఎక్కువసేపు తల మీద ఉంచుకోగలిగేది ఇదే. గొంతులు, వీణ, వయొలిన్ లాంటివి సహజంగా వినిపిస్తాయి. లోతు బేస్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఓమ్స్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. "60 ఓమ్స్ అంటే ఫోన్ నడపలేదు" అనే మాట తరచూ వినిపిస్తుంది, అది సగమే నిజం. సెన్సిటివిటీ (ఇచ్చిన కొద్దిపాటి పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది) కూడా చూడాలి: 7506ది మిల్లీవాట్‌కి 106 డీబీ (డెసిబెల్స్), కె240ది 91 డీబీ. వోల్ట్ లెక్కలోకి మారిస్తే మొదటిది వోల్ట్‌కి దాదాపు 118 డీబీ, రెండోది 104 డీబీ. ఓమ్స్ దాదాపు ఒకటే, తేడా మాత్రం 14 డీబీ. అంటే అంతే గట్టిగా వినపడాలంటే కె240కి సుమారు అయిదు రెట్లు వోల్టేజీ కావాలి. లెక్క ఇది: 1000ని ఓమ్స్‌తో భాగించి, దాని లాగరిథమ్‌ను 10తో గుణించి, మిల్లీవాట్ డీబీకి కలపండి. 32 ఓమ్స్ అయితే 15 కలుస్తుంది, 250 ఓమ్స్ అయితే 6. వోల్ట్‌కి 110 డీబీ దాటితే ఫోన్‌కైనా, ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్‌కైనా (హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ముక్క) ఇబ్బంది లేదు. 105 దగ్గర ఉంటే 1 వోల్ట్ ఇచ్చే డాంగిల్‌తో మామూలు పాటలకు సరిపోతుంది, తక్కువ స్థాయిలో రికార్డయిన శాస్త్రీయ సంగీతానికి చాలదనిపిస్తుంది. అప్పుడే యాంప్ (సిగ్నల్ బలం పెంచే పరికరం) గురించి ఆలోచించండి.

డబ్బా మీద వేసే మిగతా అంకెల్లో చాలావాటికి విలువ లేదు. "5 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్" అని రాసి, ఎన్ని డీబీల హెచ్చుతగ్గులతో అన్నది చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థమే లేదు. 50 మి.మీ. డ్రైవర్ 40 మి.మీ. కన్నా మెరుగన్నదీ అంతే.

ఇక కొలతలు. కొనేముందు స్కేలుతో మీ చెవిని పైనుంచి కిందికి, అడ్డంగా కొలవండి. తర్వాత తలకీ చెవి అంచుకీ మధ్య దూరం చూడండి. పెద్దవాళ్ల చెవులు చాలామందికి నిలువున 60 నుంచి 70 మి.మీ. మధ్య ఉంటాయి. ప్యాడ్ లోపలి రంధ్రం అంతకన్నా కొంచెమైనా పెద్దదిగా ఉండాలి. కొందరు అమ్మకందారులు బయటి కొలత వేసి "90 మి.మీ. పెద్ద ప్యాడ్లు" అంటారు. లోపల చూస్తే 50 మి.మీ. గుండ్రటి రంధ్రం ఉంటుంది, చెవి అందులోకి పోదు, అంచు మీద నలుగుతుంది. పొడవు, వెడల్పు సరిపోయినా లోతు చాలకపోతే చెవి పైఅంచు డ్రైవర్ ముందున్న గుడ్డకు రాసుకుంటుంది. మొదటి పది నిమిషాల్లో తెలియదు, గంటకు అదే చోట మంట మొదలవుతుంది. అందుకే షాపులో రెండు నిమిషాలు పెట్టుకుని తేల్చేసుకోవడం దండగ. వెనక్కి ఇచ్చే వీలున్నచోట కొని, ఒకే బిగిన రెండు గంటలు పెట్టుకుని చూడండి.

లోతు చాలనివాటికి ఒక ఉపాయం పనిచేస్తుంది. 4, 5 మి.మీ. మందం ఫోమ్‌ను వేలెడు వెడల్పు పట్టీగా కోసి, ప్యాడ్ ఊడదీసి, చెవి వెనకవైపు వచ్చే సగభాగంలో మాత్రమే ప్యాడ్ కింద దూర్చండి. ప్యాడ్ కొంచెం ఏటవాలుగా లేస్తుంది, చెవికి చోటొస్తుంది. పట్టీ చుట్టూరా పెట్టేస్తే డ్రైవర్ చెవికి దూరమై సౌండ్ మారిపోతుంది. ఫోమ్ డ్రైవర్ రంధ్రాలకు అడ్డం రాకూడదు.

కొత్తవి చాలావరకు గట్టిగా నొక్కుతాయి. మీ తల కన్నా రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పున్న అట్టపెట్టెకో పుస్తకాల దొంతరకో తగిలించి రాత్రంతా వదిలేయండి. నాలుగైదు రాత్రులకు తేడా తెలుస్తుంది. లోపల స్టీలు పట్టీ ఉన్న బ్యాండ్ అయితే కప్పులను బయటికి లాగి, పట్టీని మాత్రమే రెండు చేతులతో కొద్దికొద్దిగా విప్పొచ్చు. కప్పుల్ని పట్టుకుని లాగితే పగిలేది కప్పును మోసే ప్లాస్టిక్ కొక్కెమే. మొత్తం ప్లాస్టిక్ బ్యాండ్ అయితే ఈ పనికి దిగొద్దు. మరీ వదులు చేసినా నష్టమే, దవడ కదిలించినప్పుడల్లా ప్యాడ్ కింద సందు పడి బేస్ వస్తూపోతూ ఉంటుంది.

కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇది ఇంకా పెద్ద సమస్య. కాడ ప్యాడ్‌ను పైకెత్తి సందు చేస్తుంది. క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్‌లో ఆ సందులోంచి పోయేది ముఖ్యంగా 200 హెర్ట్జ్ కింది బేస్. వినేటప్పుడు కళ్లజోడు తీసి చూడండి. బేస్ ఒక్కసారిగా నిండితే లోపం హెడ్‌ఫోన్స్‌ది కాదు. పలచటి లోహపు కాడలు, మెత్తటి మందపాటి ప్యాడ్లు ఉంటే చాలావరకు తీరుతుంది. ఓపెన్ రకాల్లో ఈ తేడా అంతగా వినపడదు.

ప్యాడ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చవక హెడ్‌ఫోన్స్ ఆయువు అక్కడే తేలుతుంది. లెదర్ లాంటి పాలీయురెథేన్ పూత గాలికి, చెమటకు, తేమకు మెల్లగా విరిగి పొరలుగా రాలుతుంది. ముందు కనిపించేది ప్యాడ్ లోపలి అంచులో గీతల్లాంటి పగుళ్లు. తర్వాత చెంపల మీద నల్లటి పొట్టు. వాడకుండా బీరువాలో పెట్టినా రాలుతుంది, తేమ చాలు. వాడిన ప్రతిసారీ పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే కొంత ఆగుతుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే పూత ఇంకా ముందే పోతుంది.

పాతబడే ప్యాడ్ సౌండ్‌ను కూడా మారుస్తుంది. ఫోమ్ అణగారిపోయి డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, పూత పగిలి గాలి కారుతుంది, బేస్ సన్నగిల్లి ట్రెబుల్ గుచ్చుకుంటుంది. మార్పు నెలల మీద వస్తుంది కాబట్టి చెవి గమనించదు. "మొదట్లో బాగుండేది, ఇప్పుడు పాడైంది" అనుకునేవాటిలో చాలావాటికి కావాల్సింది కొత్త ప్యాడ్ల జత మాత్రమే. వెల్వెట్ ప్యాడ్లు వేస్తే చెవి చల్లగా ఉంటుంది, చెమట పట్టదు, ఉతుక్కోవచ్చు. కానీ క్లోజ్డ్ వాటికి వేస్తే గుడ్డలోంచి గాలి పోయి బేస్ కచ్చితంగా తగ్గుతుంది. నా ఓటు ముఖానికి ఆనే భాగం వెల్వెట్, పక్కగోడలు లెదర్ పూత ఉన్న మిశ్రమ రకానికి. ప్యాడ్ జిగురుతో అతికించి ఉందా, ఊడి వస్తుందా అన్నది కొనేముందే కనుక్కోండి. కొత్తది తొడిగేటప్పుడు ప్యాడ్ వెనక పెదవిని ఒకవైపు గాడిలో దూర్చి, పాత ఏటీఎం కార్డుతో అంచు వెంట తిప్పుకుంటూ పోతే సులువు. నాలుగువైపులా ఒకేసారి లాగితే పెదవి చిరుగుతుంది.

ఈక్వలైజర్ వాడటానికి పెద్ద విద్య అక్కర్లేదు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉన్నాయి. బేస్ తక్కువైతే 105 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ హద్దు కింది శబ్దాలన్నిటినీ కలిపి మార్చే ఫిల్టర్) పెట్టి 3, 4 డీబీలు పెంచండి. ట్రెబుల్ గుచ్చుకుంటుంటే ఏ ఫ్రీక్వెన్సీ అన్నది ఊహించకండి. టోన్ జనరేటర్ (ఒక్క ఫ్రీక్వెన్సీనే వినిపించే యాప్) పెట్టి, వాల్యూమ్ బాగా తగ్గించి, 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా జరపండి. ఉన్నట్టుండి గీక్కున వినిపించిన చోట, క్యూ (ఎంత ఇరుకు మేర మారాలో చెప్పే అంకె) 2 లేదా 3తో, 3 నుంచి 5 డీబీలు తగ్గించండి. ఎంత పెంచారో అంత ప్రీయాంప్ (యాప్‌లో మొత్తం సౌండ్ స్థాయి) తగ్గించకపోతే గట్టి శబ్దాల దగ్గర సౌండ్ పగులుతుంది. ఓపెన్, సెమీ ఓపెన్ వాటిలో 40 హెర్ట్జ్ కింద బలవంతంగా 10 డీబీలు పెంచితే బేస్ రాదు, పొర అదుపు తప్పి కొట్టుకుంటుంది.

చప్పుడున్న చోట ఓపెన్ హెడ్‌ఫోన్స్ వాడటం చెవికి మంచిది కాదు, తెలియకుండానే వాల్యూమ్ పెరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు వారానికి 80 డీబీ దగ్గర 40 గంటలు. 90 డీబీ దగ్గర అది 4 గంటలకు పడిపోతుంది. ప్రయాణాలకు క్లోజ్డ్ లేదా నాయిస్ క్యాన్సిలింగ్, గదిలో ఓపెన్. ఒక్కటే కొనగలిగితే మీరు ఎక్కువసేపు ఎక్కడ వింటారో దానికే కొనండి.

బ్లూటూత్ గురించి ఒక్క మాట: కాల్‌లోనో గేమ్‌లోనో దాని మైక్ ఆన్ చేయగానే సౌండ్ పాత టెలిఫోన్‌లా అయిపోతే అది పాడైనట్టు కాదు. మైక్ కోసం బ్లూటూత్ వేరే ప్రొఫైల్‌కి (పనిచేసే పద్ధతికి) మారడం వల్ల అలా అవుతుంది. కంప్యూటర్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ను ఎంచుకుంటే సౌండ్ మళ్లీ మామూలవుతుంది. బ్యాటరీ మార్చే వీల్లేనివాటికి ఆయుష్షు బ్యాటరీతోనే సరి.

వైర్‌వాటిలో ముందు పోయేది జాక్ మెడ. జాక్ దగ్గర వైర్ వంచితే ఒకవైపు సౌండ్ వస్తూపోతూ ఉంటే లోపల తీగ తెగినట్టే. కేబుల్ ఊడేదైతే కొత్తది వేసుకుంటే అయిపోతుంది. అతికించి ఉంటే మెడకు రెండు సెంటీమీటర్ల పైన కత్తిరించి కొత్త జాక్ సోల్డర్ చేయించాలి. సన్న తీగల మీద రంగు లక్క ఉంటుంది, దాన్ని సోల్డరింగ్ వేడితో కాల్చకుండా అతికిస్తే కనెక్షన్ నిలవదు. ఊడే కేబుల్ అన్నా కొన్నిటిలో జాక్ రంధ్రం సన్నగా, లోతుగా ఉండి బయట దొరికే కేబుళ్లు పట్టవు, అదీ చూసుకోండి.

బేస్ పాటల్లో ఒకవైపు మాత్రమే గరగర వస్తే డ్రైవర్ పోయిందని పారేయకండి. 40 నుంచి 80 హెర్ట్జ్ మధ్య టోన్ పెట్టి ఏవైపో నిర్ధారించుకుని, ప్యాడ్ తీసి, టార్చ్‌లైట్ ఏటవాలుగా వేసి రంధ్రాల్లోంచి చూడండి. తరచూ కనిపించేది పొరకు తగులుతూ పడున్న ఒక వెంట్రుక. ఊదొద్దు, వ్యాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, పొర నొక్కుకుపోతుంది. పైనున్న పలచటి గుడ్డను మెల్లగా లేపి, సన్నటి పట్టుకారుతో వెంట్రుక చివర పట్టుకుని పొరకు సమాంతరంగా లాగండి. పట్టుకారు ప్లాస్టిక్‌దై ఉండాలి, స్టీలుదైతే లోపలి అయస్కాంతం లాగేసి పొరలోకి దిగబడుతుంది.