పెన్‌డ్రైవ్‌లో లైనక్స్: పెర్సిస్టెన్సా, ఫుల్ ఇన్‌స్టాలా, ఇంకేదైనానా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి చుట్టాల్లో, ఆఫీసులో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "లోపలి డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్‌లోనే లైనక్స్ నడుపుకోవచ్చటగా, ఏది పెట్టుకోమంటావ్?" లైనక్స్ రకాల్లో (వీటినే డిస్ట్రోలంటారు) ఉబుంటూనా, మింటా, ఫెడోరానా అన్నది వాళ్ల ఉద్దేశం. నన్నడిగితే అది రెండో సంగతి. ముందు తేల్చుకోవాల్సింది, ఆ పెన్‌డ్రైవ్ మీద రాత ఎప్పుడు పడుతుంది, ఎంత పడుతుంది అన్నది.

పెన్‌డ్రైవ్‌కి చదవడం తేలిక, రాయడమే కష్టం. ఫ్లాష్ చిప్‌లో చిన్న ముక్క మార్చాలన్నా దాని చుట్టూ ఉన్న పెద్ద బ్లాక్ మొత్తం చెరిపి మళ్లీ రాయాలి. సినిమా కాపీ చేసేటప్పుడు ఈ బాధ తెలియదు, అది వరసగా పోతుంది కాబట్టి. ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు. లాగ్‌లు, కాష్, సెట్టింగులు అంటూ గింజలు చల్లినట్టు తలోచోట కాస్త రాస్తుంది. ఫైర్‌ఫాక్స్ ఒక్కటే, మనం బ్రౌజ్ చేస్తున్నంతసేపూ, తెరిచి ఉన్న ట్యాబ్‌ల వివరాలు 15 సెకన్లకోసారి దాచుకుంటూ ఉంటుంది. డబ్బా మీద రాసి ఉన్న యూఎస్‌బీ 3.0, 5 జీబీపీఎస్ అన్నది దారి వెడల్పు మాత్రమే. లోపలి చిప్ ఆ వేగంతో రాస్తుందని ఎవరూ మాటివ్వలేదు.

ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే సిస్టమ్‌ని లేపే, ఏమీ దాచుకోని మామూలు లైవ్ యూఎస్‌బీకి ఈ గొడవే లేదు. పాడైన విండోస్ లోంచి ఫొటోలు బయటికి తీయడానికి, కొనబోయే పాత ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేస్తుందో లేదో చూడటానికి అది చాలు. రోజూ వాడటానికి మాత్రం పనికిరాదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అందులో ఎలాగూ ఉంటుంది గానీ, నాలాగా ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టేవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాధనం తాలూకు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. బూట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలంటే ఎవరికి ఓపిక?

అందుకని అందరూ పెర్సిస్టెన్స్ వైపు, అంటే మన మార్పులు పెన్‌డ్రైవ్‌లోనే నిలిచేలా దాచుకునే పద్ధతి వైపు వెళ్తారు. లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే రూఫస్‌లో స్లైడర్ కాస్త జరిపితే అయిపోతుంది కాబట్టి తేలిక కూడా. దాని పని ఇలా ఉంటుంది: అసలు సిస్టమ్ అచ్చేసిన పుస్తకంలా మారకుండా అడుగున ఉంటుంది, మన మార్పులన్నీ దాని మీద పరిచిన ట్రేసింగ్ పేపర్ మీద పడతాయి. లిబ్రెఆఫీస్ తీసేస్తే కాగితం మీద అడ్డంగా గీత పడుతుందంతే, అడుగున పుస్తకంలో అది అలాగే ఉంటుంది, ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. అప్‌డేట్ చేస్తే పాతది పుస్తకంలో, కొత్తది కాగితం మీద, రెండూ చోటు తింటాయి. ఉబుంటూ తరహా లైవ్‌లో సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని అప్‌డేట్ చేసినా లాభం లేదు, బూట్ అయ్యేది ఐఎస్‌ఓలో (మొదట డౌన్‌లోడ్ చేసుకున్న సిస్టమ్ ఫైల్‌లో) వచ్చిన పాత కెర్నలే. నేను 4 జీబీ ఇచ్చిన పెర్సిస్టెన్స్ మూడో నెలకే నిండిపోయింది. ఆ రోజు డెస్క్‌టాప్ రానే లేదు, లాగిన్ తెర చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వచ్చేది. పైగా రాతలన్నీ ఎప్పటికప్పుడు నేరుగా పెన్‌డ్రైవ్ మీదే పడతాయి. అంటే చిప్ అరుగుదల తప్పలేదు, అప్‌డేట్ల సుఖమూ దక్కలేదు.

మరి ఫుల్ ఇన్‌స్టాల్? లోపలి డిస్క్‌లో వేసినట్టే పెన్‌డ్రైవ్‌లో వేయడం. కెర్నల్ అప్‌డేట్లు సరిగ్గా వస్తాయి, డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవచ్చు. పేపర్ మీద ఇదే అందరికన్నా మేలు. మామూలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఒకసారి అప్‌డేట్ కొట్టి చూడండి. డెబియన్, ఉబుంటూల్లో ప్యాకేజీలు వేసే డీప్యాకేజ్, కరెంటు పోయినా ఫైళ్లు చెడకూడదని, "డిస్క్ మీద నిజంగా పడిందా?" అని అడుగడుగునా ఆగి అడుగుతుంది. మంచి పద్ధతే, కానీ పెన్‌డ్రైవ్ దగ్గర ప్రతి జవాబూ నింపాదిగా వస్తుంది. 'అన్‌ప్యాకింగ్' అన్న ఒక్క లైను దగ్గర మౌస్ బాణం కూడా కదలక నిలబడిపోతే, నేను వెళ్లి టీ పెట్టుకుని తాగి గిన్నె కడిగి వచ్చిన రోజులున్నాయి.

ఇంకో ప్రమాదం బూట్‌లోడర్‌ది, అంటే మెషీన్ ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్‌ది. మా మేనత్త కొడుకు ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఒక పేరున్న డిస్ట్రోని నా పెన్‌డ్రైవ్‌లోకి ఇన్‌స్టాల్ చేశాను. బూట్‌లోడర్ ఎక్కడ వేయాలంటే పెన్‌డ్రైవ్‌నే చూపించాను కూడా. రాత్రి పదింటికి ఫోన్: "బావా, నీ పుల్ల పెట్టి తీసిన దగ్గర్నుంచి నా విండోస్ రావట్లేదు. నల్ల తెర మీద గ్రబ్ అని, పక్కన బాణం గుర్తు." ఇన్‌స్టాలర్ నా మాట వినకుండా లోపలి డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో గ్రబ్ అనే లైనక్స్ బూట్‌లోడర్‌ని రాసేసింది. ఆ గ్రబ్ వెతికేది నా జేబులో ఉన్న పెన్‌డ్రైవ్ కోసం! ఎఫ్12 నొక్కించి, విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోమని చెప్పి, బయాస్‌లో వరస మార్పించేసరికి పదకొండు దాటింది. చుట్టాల మధ్య పుల్ల పెట్టడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అందుకని ఫుల్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్క్‌ని బయాస్‌లో ఆపేయండి, కుదరకపోతే ఊడదీయండి. బూట్‌లోడర్‌ని రిమూవబుల్ పద్ధతిలో వేస్తేనే ఏ మెషీన్‌కి గుచ్చినా అది లేస్తుంది.

ఇదే ఫుల్ ఇన్‌స్టాల్‌ని పెన్‌డ్రైవ్‌లో కాకుండా, పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన శాటా ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసులో పెట్టి దానిమీద వేస్తే కథ మారిపోతుంది. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ చిన్నచిన్న రాతల్ని పోగేసి సర్దుకోగలదు. అది ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. వేలాడే కేబులొక్కటే దాని లోటు.

పెన్‌డ్రైవే గతి అనుకునేవాళ్లకి నా ఓటు, నేను చెప్పినప్పుడే రాసే సిస్టమ్‌లకి. ఈ దారి వేసిన వాటిలో పప్పీ లైనక్స్ ఒకటి. 2003లో బ్యారీ కౌలర్ మొదలుపెట్టింది. సిస్టమ్ అంతా ర్యామ్‌లోకి ఎక్కిపోతుంది, సేవ్ నొక్కితేనే పెన్‌డ్రైవ్ మీద రాత పడేలా పెట్టుకోవచ్చు. పదిహేనేళ్ల నాటి మెషీన్‌లో కూడా పరిగెడుతుంది. కానీ మామూలుగా అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గా నడుస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు.

నేను స్థిరపడింది ఎంఎక్స్ లైనక్స్ దగ్గర. డెబియన్ మీద కట్టినది. దీని పెర్సిస్టెన్స్‌లో మార్పులు ర్యామ్‌లో ఉండే రకం ఒకటుంది, షట్‌డౌన్ చేసేటప్పుడు "సేవ్ చేయమంటావా?" అని అడుగుతుంది. వద్దంటే ఆ రోజు చేసిన ప్రయోగాలన్నీ గాలికి. రోజంతా ర్యామ్ వేగం, సాయంత్రం ఒక్కసారి రాత. ట్రేసింగ్ పేపర్ నిండుతోందనుకుంటే రీమాస్టర్ అని ఒక పనిముట్టు ఉంది, కాగితం మీదివన్నీ పుస్తకంలోకి ఎక్కించి కొత్త అచ్చు వేసి ఇస్తుంది. ఎం17ఎన్, పోతన ఫాంట్, రమణీయ ఫాంట్ వేసుకుని ఒకసారి రీమాస్టర్ చేశాను. ఇప్పుడు నా తెలుగు అసలు సిస్టమ్‌లో భాగం. లైవ్‌లో ఉండగానే కెర్నల్ మార్చుకునే సదుపాయమూ ఉంది.

లోటు లేదని కాదు. కరెంటు పోతే సేవ్ చేయనిది పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఒక సాయంత్రం కొట్టిన నాలుగు పేజీలు అలాగే పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఫైళ్లు మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లో వేరే డేటా పార్టిషన్‌లో దాస్తున్నాను. ర్యామ్ 4 జీబీకి తగ్గితే బ్రౌజర్‌తో పాటు ఇవన్నీ ఇరుకవుతాయి, అక్కడ పప్పీయే నయం.

టెయిల్స్ గురించి కూడా అడుగుతారు. అది గోప్యత కోసం, నెట్ అంతా మన జాడ దాచే టోర్ నెట్‌వర్క్ మీదుగా పోతుంది. బ్యాంకు పనులకి, యూట్యూబ్‌కి కాదు. వెంటాయ్ డిస్ట్రో కాదు, పది ఐఎస్‌ఓలు ఒకే పెన్‌డ్రైవ్‌లో పడేసి తిప్పుకునే సంచి.

గుచ్చే ముందు రెండు జాగ్రత్తలు. సంతకం లేని సిస్టమ్‌లని లేవనివ్వని సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తే, ముందు ఆ మెషీన్ బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి, తర్వాత విండోస్ ఆ కీలోని 48 అంకెలు అడుగుతూ కూర్చోవచ్చు. రెండోది గడియారం. విండోస్ మెషీన్ గడియారాన్ని మన టైమ్‌లో పెడుతుంది, లైనక్స్ దాన్ని యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్) అనుకుంటుంది. పెన్‌డ్రైవ్ తీసి విండోస్‌లోకి వెళ్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే వైరస్ అని కంగారు పడొద్దు, లైనక్స్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ గడియారం లోకల్ టైమ్ అని టిక్ పెట్టి సేవ్ చేసుకోండి.